ఎర్రావిడకు టీ స్నానం

మంగళవారం

ముందుగా నా దస్తూరికి క్షమించాలి. చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టు ఉంటుందని బడిలో పంతులమ్మ అనేది. ఆరో తరగతితో బడి మానేశాను కాబట్టి నా అక్షరాలు కూడా అక్కడే ఆగిపోయాయి. తప్పులు ఉంటాయి. ఒత్తు పెట్టాలో వద్దో తెలియనప్పుడు పెట్టేస్తాను, ఉంటే నష్టం లేదు కదా అని. ఎవరిని క్షమించమంటున్నానో నాకే తెలియదు, ఇది చదివేది నేనొక్కదాన్నే. అయినా అడగడం మర్యాద.

ఇది మందుల షాపు వాళ్లు పోయిన ఏడాది అత్తయ్యకు ఇచ్చిన డైరీ. తేదీలు కుదరవు. కొట్టేసి వారాలు రాస్తున్నాను.

ఆయన పొద్దున్నే వెళ్లారు. ఆయన లిఫ్టుల మెకానిక్కు. ఎక్కడో కొత్త ఆసుపత్రిలో లిఫ్టు బిగించాలట. ఈ ఆదివారం కాదట, ఆ పై ఆదివారం వస్తారట. ఇన్ని "అట"లు ఎందుకంటే ఇదంతా నాకు అత్తయ్య చెప్పింది. ఆయన నాకేమీ చెప్పరు. మాకు పెళ్లయి మూడు నెలలు దాటింది. ఆయనకు సిగ్గు. నాకు అంతకన్నా సిగ్గు.

ఈరోజు పొద్దున జరిగింది రాస్తాను. ఆయన బూట్లు వేసుకుంటూ, "అమ్మా, టిఫిన్ డబ్బా ఎక్కడుందో అడుగు" అన్నారు. నేను ఆయన పక్కనే డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నాను.

అత్తయ్య కుట్టుమిషను తొక్కుతూ తల ఎత్తకుండా, "డబ్బా ఎక్కడే?" అంది.

"ఇదిగో అత్తయ్యా."

"ఇదిగోనటరా."

"సరేనను."

"సరేనటే."

"గొడుగు కావాలేమో అడగండి అత్తయ్యా."

అత్తయ్య మిషను ఆపేసింది. "నేనేమన్నా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజినా? మీ ఇద్దరి మధ్యా మూరెడు దూరం లేదు. నా గొంతు ఎండిపోతోంది."

గదిలో కూడా మాట్లాడుకోరా అని మా అక్క ఫోన్లో అడిగింది. గదిలో ఆయన "లైటు ఆపనా" అన్నట్టు స్విచ్ వైపు చూస్తారు. నేను "ఆపండి" అన్నట్టు దుప్పటి లాక్కుంటాను. అదీ మా కబుర్లు.

గుమ్మం దాటాక ఆయన వెనక్కి వచ్చారు. నేను కొంగు సవరించుకున్నాను. "అమ్మా, గిటారు ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు" అని వెళ్లిపోయారు. ఇంట్లో ఉండేది అత్తయ్యా నేనూ. అత్తయ్య ఎలాగూ దాని వైపు చూడదు. అంటే ఆ "ఎవరూ" నేనే. మూడు నెలల్లో ఆయన నా గురించి అన్న అన్నింటికన్నా పెద్ద మాట అది.

నాకు కావలసింది ఒక్కటే. ఆయన నా మొహం చూసి, మధ్యలో అత్తయ్యను పెట్టకుండా, నాతో ఒక్క మాట అనాలి. ఏ మాటైనా ఫరవాలేదు.

బుధవారం

ముట్టుకోలేదు. చూశాను, అంతే.

గిటారు మా గదిలో గోడకు కొక్కెం మీద ఉంటుంది. కరెంటుతో మోగే రకం. ఒళ్లంతా ఎరుపు. అత్తయ్య దాన్ని "నీ సవతి" అంటుంది. నేను ఎర్రావిడ అంటాను. నాకు దాని మీద అసూయేమీ లేదు. సాయంత్రం పనినుంచి రాగానే ఆయన ముందు దాని వైపే చూస్తారు, చూడనివ్వండి. శనివారాలు దాన్ని భుజాన వేసుకుని స్నేహితుల బ్యాండులో వాయించడానికి వెళతారు, వెళ్లనివ్వండి. ఇంట్లో సిగ్గుపడి వాయించరు. నేను ఒక్కసారి కూడా వినలేదు. అసూయ లేదని రాశాను కదా.

దగ్గరగా చూస్తే పాపం అనిపించింది. పొట్ట మీద వెడల్పాటి ప్లాస్టిక్ ప్లేటు ఒకటి ఉంటుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదేమో, ఇప్పుడు పచ్చగా, మాసిపోయి, గీతలు గీతలుగా ఉంది. దాని మీద తిప్పడానికి మూడు గుండ్రటి నాబ్‌లు. పొగాకు నమిలేవాళ్ల పళ్లలా ఉన్నాయి. స్విచ్ మీద చిన్న టోపీ, అదీ అదే రంగు. తడిగుడ్డతో తుడిచాను. సబ్బు పెట్టాను. పళ్లపొడి కూడా పెట్టాను. పోలేదు.

ఇంత ఇష్టమైన వస్తువును ఇలా ఉంచుకుంటారా ఎవరైనా? మగవాళ్లకు కనపడదు. మార్చేస్తాను. ఆయన వచ్చి చూసి, ఆశ్చర్యపోయి, అత్తయ్య సంగతి మరిచిపోయి, "ఇది నువ్వే చేశావా?" అని నన్నే అడుగుతారు. అలా జరిగి తీరుతుంది.

గురువారం

కొలత తీసుకున్నాను. అత్తయ్య జాకెట్లకు కాగితం కోసినట్టే, పాత పేపరు ప్లేటు మీద పరిచి, అంచులు గోటితో నొక్కి, మరలు ఉన్న చోటల్లా పెన్సిలుతో చుక్కలు పెట్టి కత్తిరించాను. చంకలు, మెడ అన్నీ సరిగ్గా వచ్చాయి.

బజారు చివర వాద్యాల షాపు ఉంది. షాపాయన కళ్లద్దాలు నుదుటి మీద పెట్టుకుని వాటికోసం సొరుగులు వెతుక్కుంటున్నాడు.

"అన్నయ్యా, అద్దాలు మీ నుదుటి మీదే ఉన్నాయి" అన్నాను. ఇంటి బయట మనుషులతో నాకు సిగ్గు తక్కువ. ఎందుకో తెలియదు.

"బతికించావు చెల్లెమ్మా. ఏం కావాలి?"

కాగితం ఇచ్చాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేమిటి, చిన్నపిల్ల గౌనా?"

"గిటారు ప్లేటు."

అతను లోపలినుంచి కొత్త తెల్ల ప్లేటు తెచ్చి, దాని మీద నా కాగితం పరిచాడు. పదకొండు మరల చుక్కలూ పదకొండు కన్నాల మీద కూర్చున్నాయి. "గిటారు తెచ్చి చూపించినవాళ్లు కూడా ఇంత సరిగ్గా చెప్పలేదమ్మా!" అన్నాడు. నాబ్‌లు, స్విచ్ టోపీ, పికప్పుల మీది మూతలు (పికప్పులంటే తీగల మోత పట్టే డబ్బాలట, మూడుంటాయట), అన్నీ ఒకే సెట్టుగా ఇచ్చాడు. అన్నీ మల్లెపువ్వుల్లా ఉన్నాయి.

"నాబ్ ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవరుతో పెకిలించకు. కింద గుడ్డ దూర్చి, చుట్టి, పైకి లాగు" అని చెప్పాడు. మంచివాడు. ఎవరి గిటారు, పాతవి ఎలా ఉన్నాయి అని అడగలేదు. అడిగితే బాగుండేది. ఇది శనివారం రాయాల్సిన మాట. శనివారం వెనక్కి వచ్చి ఇక్కడ ఇరికించాను.

శుక్రవారం

అత్తయ్య పక్కింట్లో కొలతలు తీసుకోవడానికి వెళ్లింది. తలుపు గడియ పెట్టి, ఎర్రావిడను మంచం మీద పడుకోబెట్టాను. ఆయన పనిముట్ల పెట్టె తీశాను. లిఫ్టులు విప్పే స్క్రూడ్రైవర్లు నా మోచేతి పొడుగున్నాయి. అడుగున చిన్నది ఒకటి దొరికింది.

తీగలు వదులు చేస్తే మళ్లీ ఎంత బిగించాలో తెలియదు కదా. అందుకని తిప్పే చెవుల పక్కన అత్తయ్య సుద్దముక్కతో గుర్తులు పెట్టుకున్నాను. నాబ్‌ల మీద ఇంగ్లీషు మాటలున్నాయి. పొడుగు మాట ఉన్నది పైన, పొట్టి మాట ఉన్నవి రెండూ కింద. బొమ్మ గీసుకున్నాను. నాకు అంత తెలివి ఉంటుందని నేనే అనుకోలేదు.

గుడ్డ దూర్చి లాగితే మొదటి నాబ్ రాలేదు. గట్టిగా లాగాను. వచ్చింది. వచ్చి, గోడకు తగిలి, అల్మారా కింద నుంచి బయటికి దొర్లి, మంచం కాలి దగ్గర ఆగింది. "రాకరాక వచ్చావు, ఎక్కడికే?" అన్నాను పైకే. మొత్తానికి ఎర్రావిడతో నేను బాగానే మాట్లాడుతున్నాను.

మరలు విప్పి ప్లేటు పైకి తీస్తే పికప్పులు, వైర్లు అన్నీ దానికే వేలాడుతున్నాయి. పట్టుకుని కిందికి వంచితే లోపలి సంసారమంతా బయటపడింది. పికప్పుల మరలు తీయగానే వాటి కింద ఉన్న బుల్లి స్ప్రింగులు ఎగిరాయి. ఆరింటిలో అయిదు దొరికాయి. ఒకటి లేదు. మంచం కింద, పక్క కింద, నా జుట్టులో వెతికాను.

ఒక మర కన్నం వదులైపోయి మర గిరగిర తిరుగుతోంది. అత్తయ్య మిషను మూత ఊడినప్పుడు ఆయన అగ్గిపుల్ల ముక్క విరిచి, జిగురు రాసి, కన్నంలో దూర్చి దాని మీద మర బిగించారు. నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. అలాగే చేశాను. పట్టింది. చాటుగా చూస్తూ ఉంటే ఎంతో నేర్చుకోవచ్చు.

కొత్తవన్నీ బిగించాక ఒక పికప్పు ఒక పక్కకి ఒరిగింది, స్ప్రింగు లేక. అయినా కొత్త ప్లేటు అద్దంలా మెరిసిపోతోంది. ఎర్రచీర మీద ముత్యాల హారంలా ఉంది. పాతవన్నీ సాయంత్రం పాత సామాన్ల బండివాడికి ఇచ్చేశాను. బదులుగా సబ్బు పెట్టె ఇచ్చాడు. మూత కూడా ఉంది.

శుక్రవారమే, మళ్లీ

స్ప్రింగు దొరికింది. అత్తయ్య చెప్పులో. ఆమె కాలు ఎందుకు కుంటుతోందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. "ఇదేమిటే?" అంది. "మిషనుదేమో అత్తయ్యా" అన్నాను. ఆమె మిషను మొత్తం విప్పి చూసుకుంది.

శనివారం

సుద్ద గుర్తుల దాకా తిప్పినా తీగలు తాగినవాళ్లలా మోగుతున్నాయి. సుద్ద సగం చెరిగిపోయింది కూడా. శ్రుతి చేయించాలి. గిటారు సంచి ఆయన అల్మారాలో పెట్టి తాళం వేసుకున్నారు. ఎర్రావిడను నా దుప్పటిలో చుట్టి, తల భుజం మీద వేసుకుని బస్సెక్కాను.

ఒకాయన లేచి సీటిచ్చాడు. పక్కన కూర్చున్న పెద్దావిడ దుప్పటి వైపు చూసి నవ్వింది. "పడుకున్నాడా?"

"ఆఁ" అన్నాను.

"ఎన్నేళ్లు? పొడుగ్గానే ఉన్నాడే."

"మూడు."

"వాళ్ల నాన్న పోలికా?"

"నాన్నకు ప్రాణం" అన్నాను. అందులో అబద్ధం లేదు.

అప్పుడే కండక్టరు వచ్చాడు. "మూడు దాటితే హాఫ్ టికెట్టమ్మా." తీసుకున్నాను. పెద్దావిడ జో కొడుతూ దుప్పటి మీద తట్టింది. లోపలినుంచి "టుంయ్" మని మోగింది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని, "గాలి చేరిందమ్మా కడుపులో, డాక్టరుకు చూపించు" అంది. "అక్కడికే తీసుకెళుతున్నానండీ" అన్నాను.

షాపాయన దుప్పటి విప్పి, ఎర్రావిడను చూసి, కళ్లద్దాలు కిందికి దించుకున్నాడు. "ఇది లిఫ్టుల అబ్బాయిది కదూ?"

"అవును. మావారు."

"పాత ప్లేటు ఏదమ్మా?"

"తీసేశాను. మాసిపోయింది."

"తీసేసి ఎక్కడ పెట్టావు?"

"బండివాడికి ఇచ్చాను. సబ్బు పెట్టె ఇచ్చాడు."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. తరవాత మెల్లగా, చనిపోయినవాళ్ల ఇంట్లో మాట్లాడినట్టు చెప్పాడు. గిటార్లవాళ్లకు పాతరంగంటేనే మర్యాదట. ఆ పసుపు, ఆ గీతలు చూసే ఇది ఎన్ని కచేరీలు చూసిందో అనుకుంటారట. బ్యాండులో వాళ్లందరి గిటార్లలో ఆయనదే పెద్దరికమట. మిగతావాళ్లు దాన్ని చూడ్డానికే వస్తారట.

"అలాంటి రంగు రావాలంటే ఎన్నాళ్లు పడుతుంది అన్నయ్యా?"

"ఇరవై ఏళ్లు పడుతుంది చెల్లెమ్మా."

"ఆయన వచ్చే ఆదివారమే వస్తారు" అన్నాను.

"పాతరంగు వేసి అమ్మేవి కూడా ఉంటాయి. తెప్పించాలి. నెల పడుతుంది." ఊరికే శ్రుతి చేసి ఇచ్చాడు. జాలిపడ్డాడని తెలుస్తూనే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఎవరూ సీటివ్వలేదు.

ఆదివారం

నాకేం భయం లేదు.

సోమవారం

బండివాడు వీధి చివర కనిపిస్తే చెప్పులు లేకుండా పరుగెత్తాను. "ప్లాస్టిక్ అంతా ఎప్పుడో కరిగించే మిషన్లో పడిపోయిందమ్మా" అన్నాడు. "కావాలంటే సబ్బు పెట్టె మార్చి నీలంది ఇస్తా."

ఆయన నాతో ఒక మాట అంటారు. అనేది తప్పదు ఇక. ఏ మాటైనా ఫరవాలేదని రాశాను. ఫరవా ఉంది. "అమ్మా, దీన్ని వాళ్ల ఇంటికి పంపించెయ్" అన్నది మాత్రం వద్దు. అదీ అమ్మతోనే అంటారు.

నీలంది తీసుకున్నాను.

మంగళవారం

పొద్దున గిన్నెలు తోముతూ టీ వడకట్టే జల్లెడ తోమాను. తెల్ల ప్లాస్టిక్ జల్లెడ. పెళ్లయినప్పటినుంచి రోజూ తోముతున్నాను, ఆ మరక పోదు. సబ్బు, పళ్లపొడి, బూడిద, ఎండ, దేనికీ లొంగలేదు. దాన్ని చూసి చూసి తోమడం ఆపేశాను. అచ్చం అదే రంగు. అదే!

అత్తయ్య బయటికి వెళ్లేదాకా ఆగాను. పెద్ద గిన్నెలో నీళ్లు పోసి, టీపొడి డబ్బా సగం వంచి, మరగబెట్టి, నాబ్‌లు మూడూ, స్విచ్ టోపీ, మూతలు అన్నీ అందులో వేశాను. ప్లేటు కూడా పెట్టాను. గిన్నె చాలక పక్కకి వాల్చాను. చెంచాతో తిప్పుతూ ఉన్నాను. ఇన్నేళ్లు మురికి వదలగొట్టడమే నేర్చుకున్నాను, పట్టించడం ఇవాళే మొదలు.

వెనకాల అత్తయ్య నిలబడి ఉంది. గొడుగు మరిచిపోయి తిరిగొచ్చిందట.

"ఏం వండుతున్నావే?"

"టీ అత్తయ్యా."

"బొత్తాలేసి?"

అప్పుడు నాకు ఏడుపొచ్చింది. మొదటినుంచీ మొత్తం చెప్పేశాను. బండివాడు, సబ్బు పెట్టె, బస్సులో మూడేళ్ల బాబు, ఇరవై ఏళ్ల పసుపు, అన్నీ. అత్తయ్య గిన్నెలోకి తొంగి చూసింది. మళ్లీ నా వైపు చూసింది. తరవాత నవ్వడం మొదలుపెట్టింది. గోడ పట్టుకుని నవ్వింది. కింద కూర్చుని నవ్వింది. "ఎందుకత్తయ్యా?" అంటే "ఏం లేదులే, కలుపు, కలుపు, అడుగంటుతుంది" అని మళ్లీ నవ్వింది. మనిషి దుఃఖంలో ఉంటే ఇలా నవ్వడం మర్యాద కాదు.

నవ్వుతుండగానే ప్లేటు మెత్తబడి దోసిలిలా ముడుచుకుపోయింది.

"అయ్యో అత్తయ్యా!"

"తియ్యి తియ్యి! వేడి మీదే తియ్యి!" ఆమె గుడ్డలు కత్తిరించే చెక్కలు రెండు తెచ్చింది. మధ్యలో ప్లేటు పెట్టి, చేతులతో నొక్కాం. చాల్లేదు. నేను పైకెక్కి కూర్చున్నాను. అదీ చాల్లేదు, నేను గడ్డిపరకంత ఉంటాను.

"మీరు కూర్చోండి అత్తయ్యా. మీ బరువు కావాలి."

"ఇన్నాళ్లకు ఈ ఇంట్లో నా బరువుకు విలువొచ్చింది" అని ఆమె చెక్క మీద కూర్చుంది. అక్కడే కూర్చుని చేతికుట్టు పని చేసుకుంది. నేను అన్నం కలిపి అక్కడికే అందించాను. "మీ ఆయన చిన్నప్పుడు లెక్కలు చేయకపోతే ఇలాగే వాడి మీద కూర్చునేదాన్ని" అంది.

బుధవారం

ప్లేటు చదునుగా వచ్చింది. ఒక మూల కొంచెం పైకి లేచింది. మర పడితే కూర్చుంటుంది. రంగు పట్టింది కానీ చాల్లేదు. రెండో టీ పెట్టాను. ఈసారి ఉడికించలేదు, నానబెట్టాను. ఇంట్లో టీపొడి అయిపోయింది. పొద్దున అత్తయ్యకు టీ లేదు. "నీ సవతి నా నోటి దగ్గరిది తాగేసింది" అంది.

గురువారం

ఈరోజు గీతలు పెట్టాం. పాతప్లేటు మీద ఏ గీత ఎక్కడుందో నాకు కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది. కింద మూల చంద్రవంకలా ఒకటి. తీగల కింద జల్లులా చాలా. స్విచ్ పక్కన కోడికాలు లాంటిది. నేను రోజూ మధ్యాహ్నం దాని ముందు నిలబడి చూసేదాన్ని కదా. ఊరికే. పని లేక.

అత్తయ్య కూడా గీస్తానంది. గుడ్డల మీద గుర్తులు వేసే పళ్లచక్రం తెచ్చి ఒకటి లాగింది. కుట్టు వేసినట్టు చుక్కలు చుక్కలుగా తిన్నగా వచ్చింది.

"అత్తయ్యా, ఎవరైనా గిటారును ఇలా గీరుతారా?"

"దర్జీ వాయిస్తే గీరతాడు."

ఇసుకకాగితంతో రుద్ది చెరిపాను. తరవాత చెప్పుల పాలిషు కొంచెం గీతల్లో రాసి తుడిచేశాను. మురికి సందుల్లో నిలబడాలి కదా. మురికి ఎక్కడ దాక్కుంటుందో నన్నడగండి.

శుక్రవారం

బిగించాను. స్ప్రింగులు ఎగరకుండా అత్తయ్య చెయ్యి అడ్డం పెట్టింది. పొడుగు మాట పైన. పొట్టి మాటలు కింద. మళ్లీ బస్సు. మళ్లీ హాఫ్ టికెట్టు. షాపాయన శ్రుతి చేస్తూ చేస్తూ ప్లేటును చూసి, "బండివాడు తిరిగిచ్చాడా!" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. నా జీవితంలో ఇంత గొప్ప అబద్ధం నోరు తెరవకుండా ఎప్పుడూ ఆడలేదు.

గోడకు తగిలించాను. దూరంనుంచి చూస్తే అదే ఎర్రావిడ. దగ్గరనుంచి చూస్తే కూడా అదే. నాకైతే అదే.

శనివారం

నాకేం భయం లేదని ఇంకోసారి రాస్తున్నాను.

ఆదివారం

వచ్చారు.

కాళ్లు కడుక్కున్నారు. "అమ్మా, బాగుందా అని అడుగు" అన్నారు. బాగానే ఉందని అత్తయ్య చెప్పింది. నేరుగా గదిలోకి వెళ్లి గిటారు తీసుకుని ముందు గదిలోకి వచ్చి కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడ్డాను. తలుపు వణికింది. గాలి లేదు.

ఆయన తీగలు మీటబోయి ఆగారు. బొటనవేలితో ఒక నాబ్‌ని తాకారు. కిటికీ వెలుతురుకు తిప్పారు. చంద్రవంకను చూశారు. గోటితో గీకారు. తరవాత మెల్లగా తల వంచి, ముక్కు ప్లేటు దగ్గర పెట్టి, వాసన చూశారు.

అత్తయ్య మిషను చప్పుడు ఆగింది.

ఆయన తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. "అమ్మా..." అన్నారు.

"నాకు ఇవాళ చెవులు పనిచెయ్యవు" అంది అత్తయ్య.

"అది కాదమ్మా, కాస్త అడుగు..."

"నోరూ పనిచెయ్యదు. ఎదురుగానే ఉంది, అడుక్కో." ఇంత చెప్పి నోట్లో దారం పెట్టుకుంది.

నేను నేలకేసి చూశాను. ఆయన కూడా నేలకేసే చూశారు. మా ఇద్దరి చూపులూ నేల మీదే ఎక్కడో కలిశాయనుకుంటాను. ఆయన గొంతు సవరించుకున్నారు. ఒకసారి కాదు, చాలాసార్లు. తరవాత తల ఎత్తి నన్ను చూశారు. నన్నే. నా మొహాన్నే.

"టీపొడి ఎక్కువేశావు" అన్నారు.

నోరు ఎలా ఆడిందో తెలియదు. "చిక్కగా ఉంటే బాగా పడుతుందనుకున్నానండీ."

"పట్టింది. కానీ వాసన ఉండిపోయింది. నేను రెండు చెంచాలే వేశాను."

"మీరా?"

"కొన్నప్పుడు తెల్లగానే ఉండేది." చెవులు ఇంకా ఎర్రబడ్డాయి. "పాలు పోశావా?"

"లేదండీ. డికాక్షనే."

"తెలివైన పనే. నేను మొదటిసారి పాలు, పంచదార కూడా వేశాను. టీ అంటే అదే కదా అనుకున్నాను. కచేరీ మధ్యలో గిటారుకు చీమలు పట్టాయి. చేతి మీదికి కూడా ఎక్కాయి. ఆపకుండా వాయించాను. ఆ రోజు నేను చాలా వేగంగా వాయించానని అందరూ మెచ్చుకున్నారు."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన కూడా నవ్వారు. ఆయనకు కింది పన్ను ఒకటి వంకర. మూడు నెలలుగా నాకు తెలియదు.

"మరి ముందే చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను. "అన్నీ తెలిసి కూడా!"

అత్తయ్య దారం తీసి, "చెప్పేస్తే చేసేదానివా? చెయ్యకపోతే వీడు అడిగేవాడా?" అంది. "ఆ గిన్నె ఇక మీరే ఉంచుకోండి. మొగుడొకసారి, పెళ్లామొకసారి. తాగే టీ తప్ప అన్నీ కాచారు దాంట్లో."

తరవాత ఆయన అల్మారాలోంచి చిన్న స్పీకరు డబ్బా తీసి, గిటారుకు తగిలించి వాయించారు. నన్ను దగ్గర కూర్చోమన్నారు, నాతోనే అన్నారు. ఎలా వాయించారో రాయడం నాకు రాదు. మధ్యలో పైనాబ్ తిప్పితే మోత పెరగాలి, పెరిగింది. పొడుగు మాట సరిగ్గానే పెట్టానన్నమాట.

సోమవారం

నిన్న ఎంత మాట్లాడుకున్నామంటే గొంతు బొంగురుపోయింది. ఇద్దరికీ. పొద్దున ఆయన "డబ్బా ఎక్కడ?" అని నన్నే అడిగారు. నేను "ఇదిగో" అన్నాను. అత్తయ్య మిషను ఆపి మా ఇద్దరినీ చూసి, "ఇక నాకేం పని ఉంది ఈ ఇంట్లో?" అని కాసేపు అలిగింది. బుజ్జగించడానికి, ఆమె ఉండగానే ఒకసారి కావాలని "అత్తయ్యా, వారికి సాయంత్రం తొందరగా రమ్మని చెప్పండి" అన్నాను. ఆమె చెప్పింది. సంతోషించింది.

ఇప్పుడు అసలు సంగతి. ఆయన బ్యాండులో అందరికీ ఈ గిటారు ఏదో పెద్ద హోటల్లో ఇరవై ఏళ్లు వాయించిన ముసలాయన దగ్గర కొన్నానని చెప్పారట. ఆ ముసలాయనకు పేరు కూడా పెట్టారట. అతని గురించి బ్యాండువాళ్లు కథలు కథలుగా చెప్పుకుంటారట. బ్యాండులో లావుతీగల గిటారు వాయించే అబ్బాయి ఆ ముసలాయన కాళ్లకు దండం పెట్టి రావాలని అడ్రసు అడుగుతున్నాడట. ఏం చెయ్యాలి అని ఆయన నన్ను సలహా అడిగారు. నన్ను! ముసలాయన పోయిన వారమే పోయాడని చెప్పమన్నాను. ఆయనకు బాధ కలిగింది. నాకూ కొంచెం కలిగింది.

కాబట్టి ఇది ఎవరికైనా దొరికితే, దయచేసి చదవకుండా తగలబెట్టండి. ఇక్కడిదాకా చదివేశారంటే ఆ మాట ఆలస్యమైపోయింది, నాదే తప్పు, మొదటి పేజీలోనే రాయాల్సింది. అలాగైనా తగలబెట్టండి, బ్యాండువాళ్లకు మాత్రం చెప్పకండి. అసలు నేనే ఇప్పుడు లేచి పొయ్యిలో పెట్టేదాన్ని. కానీ ఆయన పిలుస్తున్నారు.

అత్తయ్యను కాదు.